కడుపుకోత, కొసమెరుపు: ‘ఐ లెట్ యు గో’ చుట్టూ పాఠకుల వాదం

క్లేర్ మెకిన్టోష్ తొలి నవల ‘ఐ లెట్ యు గో’ 2014లో బ్రిటన్‌లో వచ్చింది. ఆమె అంతకుముందు 12 ఏళ్ళు పోలీసు శాఖలో పనిచేశారు. ఈ నవలకు 2016లో థీక్‌స్టన్ ఓల్డ్ పెక్యులియర్ పేరిట ఏటా ఇచ్చే ఉత్తమ క్రైమ్ నవల పురస్కారం దక్కింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి చుట్టూ అల్లిన మానసిక ఉత్కంఠ కథల్లో ఇంతగా చదివించినవీ, ఇంతగా వాదన రేపినవీ తక్కువ. మెచ్చినవాళ్ళకూ మెచ్చనివాళ్ళకూ గుర్తుండిపోయేది నవల మధ్యలో వచ్చే ఒకే ఒక్క మలుపు. ఆ మలుపును గొప్ప పనితనమన్నవాళ్ళున్నారు, నమ్మకద్రోహమన్నవాళ్ళూ ఉన్నారు. మూడో వర్గానికి పేచీ మలుపుతో లేదు. ఒక తల్లి ఏడుపును మలుపు కోసం వాడుకోవడమేమిటన్నది వాళ్ళ ప్రశ్న.

పదేళ్ళు దాటేసరికి ఈ మూడు మాటలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఒకరు నిర్మాణం గురించి అడిగితే మరొకరు నీతి గురించి జవాబిస్తున్నారు. నీతి గురించి అడిగినవాళ్ళకు రచయిత్రి జీవితాన్ని చూపిస్తున్నారు. ఈ వ్యాసం వాటిని విడదీసి చూడటానికి. రహస్యం విప్పకుండా ఈ చర్చ సాగదు కాబట్టి, నవల చదవబోయేవాళ్ళు అది ముగించాకే ఇటు రావడం మంచిది.

కథ ఎలా కట్టారు

నవంబరు సాయంత్రం, బ్రిస్టల్ నగరంలో వాన. ఐదేళ్ళ జేకబ్ తల్లి చేతిలోంచి చేయి జారి రోడ్డు మీదికి పరుగెత్తుతాడు. కారు గుద్దేసి ఆగకుండా వెళ్ళిపోతుంది. ఈ తొలి ఘట్టం ప్రథమ పురుషలో సాగుతుంది. అక్కడ తల్లికి పేరుండదు. ఆ తర్వాత కథ రెండు పాయలవుతుంది. ఒక పాయలో రే స్టీవెన్స్, కేట్ ఎవాన్స్ అనే పోలీసు అధికారుల దర్యాప్తు. రెండో పాయలో జెన్నా గ్రే ఉత్తమ పురుషలో చెప్పుకునే కథ. ఆమె బ్రిస్టల్‌ను వదిలి వేల్స్ సముద్రతీరంలో ఓ మూల చేరుతుంది. పీడకలలతో ఉలిక్కిపడి లేస్తుంది. పోయిన కొడుకును తలచుకుంటుంది. పాఠకుడు ఇక సందేహించడు, ఈమే జేకబ్ తల్లి అనుకుంటాడు.

మొదటి భాగం చివర పోలీసులు ఆమె తలుపు తడతారు. జెన్నా జేకబ్ తల్లి కాదు, గుద్దిన కారులో ఉన్న మనిషి. ఆమె ఏడ్చింది నిజమే. అయితే ఆ ఏడుపు వేరే బిడ్డ కోసం, హింసతో నిండిన కాపురంలో తాను పోగొట్టుకున్న తన సొంత బిడ్డ కోసం. రెండో భాగంలో మూడో గొంతు వినిపిస్తుంది. ఆమె భర్త ఇయన్, జెన్నాను ‘నువ్వు’ అని పిలుస్తూ, తన వైపు నుంచి వాళ్ళ పరిచయాన్నీ కాపురాన్నీ చెబుతాడు. నవల చివర్లో ఇయన్‌కూ జేకబ్‌కూ మధ్య దాగిన ఒక బంధం కూడా బయటపడుతుంది. ఇది మాత్రం ఎక్కువైందన్నవాళ్ళు, మధ్య మలుపును మెచ్చినవాళ్ళలోనూ కనిపిస్తారు.

ఈ పేచీ పాతదే

కథ చెప్పే మనిషే పాఠకుడి నుంచి అసలు సంగతి దాచవచ్చా అన్న గొడవకు నిండా వందేళ్ళ చరిత్ర ఉంది. అగాథా క్రిస్టీ 1926లో ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ రాసినప్పుడు ఇంగ్లండ్‌లో ఇదే రగడ జరిగింది. కథ చెబుతున్న డాక్టరే హంతకుడు. ఇది మోసమన్నవాళ్ళకు జవాబుగా డొరొతి సేయర్స్ లాంటివాళ్ళు, అందరినీ అనుమానించవలసిన బాధ్యత పాఠకుడిదేనని వాదించారు. 1929లో రోనాల్డ్ నాక్స్ అపరాధ పరిశోధన కథలకు పది నియమాలు రాస్తూ, పాఠకుడు ఎవరి ఆలోచనల వెంట నడిచాడో ఆ మనిషి నేరస్థుడు కాకూడదని మొదటి నియమంలోనే చెప్పారు. ఆ లెక్కన జెన్నా కథ నియమం తప్పినట్టే. అయితే నాక్స్ నియమాలు పుట్టింది మెదడుకు పదును పెట్టే కథల కోసం. అక్కడ శవం ఒక లెక్క మాత్రమే, దాని కోసం ఎవరూ ఏడవరు. గుండెను పిండే కథ ఆ చట్టం కిందికి ఎంతవరకు వస్తుందన్నది తర్వాతి తరం తేల్చుకోవలసి వచ్చింది.

దుఃఖిస్తున్న తల్లి ఉత్కంఠ కథల్లోకి వచ్చిన దారి వేరు. డాఫ్నీ డ్యూ మారియే 1971 నాటి ‘డోంట్ లుక్ నౌ’ కథలో కూతుర్ని పోగొట్టుకున్న దంపతులు వెనిస్ వెళ్తారు. అక్కడ ఇద్దరు అక్కచెల్లెళ్ళు, మీ పాప మీ పక్కనే కూర్చుని కనిపిస్తోందంటే తల్లి నమ్ముతుంది, తండ్రి కొట్టిపారేస్తాడు. వాళ్ళు చేసిన హెచ్చరికను పెడచెవిన పెట్టి చివరికి దెబ్బతినేది అతనే. దుఃఖం తల్లి బుద్ధిని చెదరగొట్టిందనుకునే మన అలవాటును ఆ కథ తలకిందులు చేసింది. 1975లో మేరీ హిగిన్స్ క్లార్క్ ‘వేర్ ఆర్ ది చిల్డ్రన్?’తో ఈ తరహాకు గట్టి అచ్చు పోశారు. నాన్సీ ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుంది. వాళ్ళను చంపింది నువ్వేనని కోర్టు శిక్ష వేసింది. సాంకేతిక కారణంతో బయటపడి, కేప్ కాడ్‌లో కొత్త పేరుతో కొత్త సంసారం మొదలుపెట్టింది. ఇప్పుడు ఈ పిల్లలు కూడా మాయమయ్యారు. ఊరంతా మళ్ళీ ఆమెనే చూస్తుంది. కడుపుకోతా నేరారోపణా ఒకే మనిషి నెత్తిన పడటమనే సూత్రం ఇక్కడ స్థిరపడింది. క్లార్క్ మాత్రం పాఠకుడిని నాన్సీ పక్షాన నిలబెట్టారు. ఆమెను అనుమానించేది లోకం, పాఠకుడు కాదు.

ఆ గీతను చెరిపేసింది 2003లో వచ్చిన లయొనెల్ ష్రైవర్ నవల ‘వి నీడ్ టు టాక్ అబౌట్ కెవిన్’. పాఠశాలలో తోటి పిల్లల్ని చంపిన కొడుకు గురించి ఈవా తన భర్తకు ఉత్తరాలు రాస్తుంది. 2005లో దీనికి ఆరెంజ్ బహుమతి వచ్చింది, 2011లో లిన్ రామ్సే సినిమాగా తీశారు. ఇక్కడ అనుమానం పాఠకుడి లోపలికే వచ్చేసింది. కొడుకు పుట్టుకతోనే అలాంటివాడా, తల్లి ప్రేమించలేకపోవడం వల్ల అలా తయారయ్యాడా, అసలు ఈవా చెబుతున్నది ఎంత నిజం? 2012లో గిలియన్ ఫ్లిన్ ‘గాన్ గర్ల్’ వచ్చి, భార్య డైరీని కూడా నమ్మరాదని పాఠకులకు నేర్పింది. మరుసటి ఏడాది నవలా రచయిత్రి జూలియా క్రౌచ్ ఈ ధోరణికి ‘డొమెస్టిక్ నాయిర్’ అని పేరు పెట్టారు. ఇల్లే నేరస్థలమైన కథలివి. మెకిన్టోష్ నవల ఆ అలలోనే వచ్చింది. మలుపు కోసం కాచుకుని కూర్చోవడం నేర్చిన పాఠకుల చేతుల్లోనే పడింది. వాళ్ళలో చాలామంది ఈ మలుపును ఊహించలేకపోయారంటే దానికి కారణం నవలలోని దుఃఖం. ఏడుస్తున్న తల్లిని అనుమానించడానికి మనసు ఒప్పుకోదు. రచయిత్రి పందెం కట్టింది సరిగ్గా ఆ ఒప్పుకోకపోవడం మీదే.

మోసమా, పనితనమా

మోసం అనే పక్షం వాదన సూటిగా ఉంటుంది. ఉత్తమ పురుషలో మాట్లాడే మనిషి తన తలలో ఉన్నదే చెబుతున్నట్టు నటిస్తూ, తలలో అన్నిటికన్నా పెద్దగా ఉన్న విషయాన్ని తప్పించుకు తిరగడం సహజం కాదు. మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు తనతో తాను పజిల్ ఆడుకోదు.

రెండో పక్షం నవలను మళ్ళీ చదవమంటుంది. జెన్నా ఎక్కడా జేకబ్ తన కొడుకని అనలేదు. ‘నా కొడుకు’ అన్న ప్రతిచోటా ఆమె మనసులో ఉన్నది తన బిడ్డే. అబద్ధం లేదు, పాఠకుడే తొందరపడ్డాడు. పైగా భయంతో పారిపోతున్న మనిషి అన్నిటికీ పేరు పెట్టదు. పేరు పెడితే ఎదురుగా వచ్చి నిలబడుతుందని తప్పించుకుంటుంది. హింసలో బతికినవాళ్ళ మాటతీరు తెలిసినవాళ్ళకు ఈ తప్పించుకోవడం కొత్త కాదు.

రెండు పక్షాలూ వదిలేసిన ప్రశ్న ఒకటుంది. తల్లి ఎవరితో మాట్లాడుతోంది? పోల్చి చూస్తే ఇక్కడే అసలు తేడా తెలుస్తుంది. ఈవా ఉత్తరాలు రాసేది భర్తకు. భర్తా, చిన్న కూతురూ కూడా కెవిన్ చేతిలో చనిపోయారన్న సంగతి ఆమె మనకు చివరిదాకా చెప్పదు. దాపరికం లెక్కన చూస్తే ఇది జెన్నా దాచినదానికి తీసిపోదు. అయినా ష్రైవర్ మీద మోసం అన్న మాట పెద్దగా పడలేదు. అతను ఎలా పోయాడో అతనికే రాయవలసిన అవసరం ఆమెకు లేదు. బతికి ఉన్నవాడితో మాట్లాడినట్టు మాట్లాడటంలోనే ఆమె శోకం ఉంది. దాపరికానికి పాత్ర మనసులోనే కారణం దొరికింది.

2021లో వచ్చిన ఆష్లీ ఆడ్రెయిన్ నవల ‘ది పుష్’లో కూడా ఇలాంటి ఏర్పాటే. బ్లైత్ తన మాజీ భర్త ఫాక్స్‌ను ‘నువ్వు’ అంటూ తన వైపు కథ రాస్తుంది. చిన్నవాడు శామ్ కూర్చున్న తోపుడు బండి రోడ్డు మీదికి దొర్లిపోయింది. దాన్ని తోసింది కూతురు వయొలెట్ అని ఆమె నమ్మకం. ఫాక్స్ నమ్మడు. అక్కడ దాచినదేమీ లేదు, ఆమె మొదటినుంచీ తన అనుమానాన్ని బల్ల మీద పెడుతూనే ఉంది. ఉత్కంఠంతా ఆమెను నమ్మాలా వద్దా అన్నదాంట్లోనే.

జెన్నా మాత్రం ఎవరితోనూ మాట్లాడటం లేదు. వినేవాళ్ళు లేని చోట ఆమె మౌనం ఎవరి కోసం? హింసకు లోనైన మనసు తనను తాను కూడా మభ్యపెట్టుకుంటుందన్న జవాబులో బలం ఉంది, నేను దాన్ని తీసెయ్యను. కానీ అదే జెన్నా రెండో భాగంలో ఆ సంగతులన్నీ ఏ తడబాటూ లేకుండా వరసగా చెప్పుకొస్తుంది. పోలీసులు తలుపు తట్టిన రోజే ఆమె మనసు తెరుచుకోవడం పాత్ర అవసరం కన్నా అధ్యాయం అవసరంలా కనిపిస్తుంది. కాబట్టి మోసం అన్న మాట పెద్దదే అయినా, ఆ పక్షం పట్టుకున్న లోపం నిజమైనదని నా అభిప్రాయం. లోపం దాచడంలో లేదు. దాచడం ఆపిన క్షణాన్ని ఎంచుకోవడంలో ఉంది.

దుఃఖాన్ని వాడుకోవడం

ఈ పేచీ ఇంకా లోతైనది. బిడ్డ మరణాన్ని పాఠకుడి కళ్ళు కప్పే తెరగా వాడటం తగునా అని అడిగేవాళ్ళలో బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. తమ బతుకులో తీరని గాయం ఇక్కడ ఒక ఎత్తుగడగా మారడం వాళ్ళను కలచివేస్తుంది. అదే అనుభవం ఉన్న మరికొందరు, ఈ పుస్తకంలో దుఃఖం రాసిన తీరు అబద్ధంగా లేదని చెబుతారు.

మెకిన్టోష్‌ను సమర్థించేవాళ్ళు వెంటనే ఆమె జీవితాన్ని గుర్తు చేస్తారు. కవల పిల్లల్లో ఒకడిని, వాడు పసికందుగా ఉండగానే, ఆమె 2006లో పోగొట్టుకున్నారు. దాని గురించి బహిరంగంగానే మాట్లాడారు, రాశారు. అంతటి మనిషి దుఃఖాన్ని తేలిగ్గా వాడుకుంటుందా అని వాళ్ళు అడుగుతారు. ఈ జవాబు మనసును తాకుతుంది గాని వాదనను ముగించదు. రచయిత్రికి దుఃఖం తెలుసన్నది ఒక సంగతి, నవల దాన్ని ఏం చేసిందన్నది మరో సంగతి. రచయిత్రి గాయాన్ని పుస్తకానికి రక్షణ కవచంగా తొడగడం ఆమెకూ న్యాయం కాదు. అప్పుడిక ఆ పుస్తకాన్ని ఎవరూ పుస్తకంగా చూడలేరు.

మన భాషలోనూ ఇలాంటి వాదం ఒకప్పుడు గట్టిగా నడిచింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’లో ఒక చిన్నపిల్ల బాధ మీద ఉత్కంఠ అల్లిన తీరు లక్షలాది పాఠకులను కట్టిపడేసింది. రంగనాయకమ్మ దాన్ని ఎండగడుతూ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని ఏకంగా పుస్తకమే రాశారు. అక్కడి ముఖ్య ఆక్షేపణ చేతబడి నమ్మకాలను పెంచడం గురించి. ఇక్కడిది శోకం గురించి. అయినా రెండింటికీ మూలం ఒకటే. పాఠకుడిని పేజీ తిప్పించే శక్తి దేన్నుంచి వస్తోందో రచయిత జవాబు చెప్పాలా?

ఈ విషయంలో నాకు ఆసరాగా కనిపించే గీటురాయి రెండో పఠనం. రహస్యం తెలిశాక మళ్ళీ చదివితే దుఃఖం అక్కడే ఉందా, మలుపుతో పాటు ఆవిరైపోయిందా? ‘ఐ లెట్ యు గో’ ఈ పరీక్షలో దాని విమర్శకులు అనుకున్నదాని కన్నా బాగా నిలుస్తుంది. జెన్నా దుఃఖం నకిలీ కాదు. రెండోసారి చదివేటప్పుడు అది ఇంకా బరువెక్కుతుంది, ఎందుకంటే ఇప్పుడందులో పాపభీతి కూడా కలిసి ఉందని తెలుసు. తాను పోగొట్టుకున్న బిడ్డా, తాను ఉన్న కారు కింద పడిన మరొకరి బిడ్డా ఆమె కలల్లో కలగాపులగమైపోవడం మొదటి పఠనంలో అందదు.

నిలవనిది వేరే ఉంది. జేకబ్ అసలు తల్లి. మలుపు వచ్చాక నవల ఆమెను దాదాపు మరిచిపోతుంది. మొదటి పేజీలో మన గుండె ఆగేలా చేసిన ఆ మనిషి, తర్వాత దర్యాప్తు కాగితాల అవసరం మేరకే కనిపిస్తుంది. పాఠకుడి కన్నీళ్ళు ఆమె పేరు మీద పుట్టి జెన్నా ఖాతాలో జమయ్యాయి. నవల మీద వచ్చిన అభ్యంతరాల్లో నాకు అన్నిటికన్నా న్యాయమైనదిగా తోచేది ఇది. దీన్ని ఎత్తిచూపిన పాఠకులు మాత్రం తక్కువ. మలుపు బాగుందా లేదా అన్న గొడవలో వాళ్ళ మాట వినిపించలేదు.

ఏడవడంలో తప్పొప్పులు

ఈ నవలలు ఇంతమందిని ఎందుకు పట్టి కుదుపుతున్నాయో సాహిత్యం లోపలే వెతికితే దొరకదు. బిడ్డ పోయిన తల్లి ఎలా ఏడవాలో సమాజానికి ఒక కొలత ఉంది. ఆ కొలతకు తగ్గట్టు ఏడవకపోతే అనుమానం మొదలవుతుంది.

1980 ఆగస్టులో ఆస్ట్రేలియాలోని ఉలురు దగ్గర లిండీ చాంబర్‌లెయిన్ తొమ్మిది వారాల పాప అజారియాను డింగో అనే అడవి కుక్క ఎత్తుకుపోయింది. లిండీ టీవీ ముందు కావలసినంత ఏడవలేదని జనం తేల్చారు. 1982లో ఆమెకు యావజ్జీవ శిక్ష పడింది. 1986లో పాప జాకెట్ దొరికాక విడుదల చేశారు, 1988లో తీర్పు కొట్టేశారు. డింగోయే చంపిందని అధికారికంగా తేల్చడానికి 2012 దాకా పట్టింది. ఇంగ్లండ్‌లో సాలీ క్లార్క్ అనే న్యాయవాది ఇద్దరు పసిబిడ్డల్ని పోగొట్టుకుంది. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు ఇలా ఆకస్మికంగా చనిపోయే అవకాశం 7.3 కోట్లలో ఒక్కటని వైద్యుడు రాయ్ మెడో కోర్టులో చెప్పిన లెక్క ఆమెకు వ్యతిరేకంగా నిలిచింది. 1999లో శిక్ష పడింది. ఆ లెక్కే తప్పని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ 2001లో ఎత్తిచూపింది. 2003లో ఆమె విడుదలైంది, 2007లో చనిపోయింది.

ఈ కేసుల తర్వాతి బ్రిటన్ పాఠకులకు ‘ఏడుస్తున్న తల్లిని నమ్మాలా’ అన్నది కాలక్షేపం ప్రశ్న కాదు. స్త్రీవాద దృష్టితో చదివేవాళ్ళు ఇక్కడే రెండుగా చీలిపోయారు. ఒక వర్గం దృష్టిలో ఇలాంటి నవలలు ఆ పాత అనుమానాన్ని వినోదంగా అమ్ముతున్నాయి. తల్లి అబద్ధం చెబుతుందేమో, పిచ్చిదేమో, చంపిందేమో అని ప్రతి పేజీలో అనుకునేలా పాఠకుడికి తర్ఫీదు ఇస్తున్నాయి. మరో వర్గం ఇందుకు సరిగ్గా ఎదురు మాట చెబుతుంది. పాఠకుడిచేత అనుమానింపజేసి, ఆ తర్వాత ఆ అనుమానం ఎంత సులువుగా పుట్టిందో అతనికే చూపించడం ఈ నవలల పని అంటుంది. ‘ది పుష్’ విషయంలో రెండో వర్గం మాట నాకు నిజమనిపిస్తుంది. బ్లైత్‌ను నమ్మని ఫాక్స్ మీద కోపం తెచ్చుకుంటూనే మనమూ ఆమెను నమ్మలేకపోతాం. ఆమె తల్లి సిసీలియా, అమ్మమ్మ ఎట్టాల కథలు మధ్యమధ్య వస్తూ, ప్రేమించలేని తల్లుల వరసలో ఈమెను కూడా చేర్చాలా అని మనల్ని ఊగిసలాడిస్తాయి.

‘ఐ లెట్ యు గో’కు ఈ చర్చలో మరో పార్శ్వం ఉంది, ఇయన్ అధ్యాయాలు. కొట్టే మొగుడి గొంతును నేరుగా వినిపించడం కొందరికి భరించరానిదైంది. పాత్ర మరీ పచ్చి దుర్మార్గంగా ఉందన్నవాళ్ళూ ఉన్నారు. అయితే ఆ అధ్యాయాల బలం కొట్టడంలో లేదు, దానికి ముందు నడిచే చిన్న చిన్న అదుపుల్లో ఉంది. ఏ బట్టలు వేసుకోవాలి, ఎవరితో మాట్లాడాలి, చేస్తున్న పనికి విలువ ఉందా లేదా. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇలాంటి నిర్బంధపు అదుపు దానికదే నేరంగా చట్టంలోకి వచ్చింది 2015లో, అమలు మొదలైంది ఆ ఏడాది డిసెంబరులో. నవల అంతకు ఏడాది ముందే వచ్చింది. ‘ఆమె ఎందుకు వెళ్ళిపోలేదు’ అని విసుక్కున్న పాఠకులకు ఆ అధ్యాయాలే జవాబు. ఆ జవాబు అందుకోవడానికి వాళ్ళకు మలుపు అడ్డొచ్చి ఉండవచ్చు. దిగ్భ్రాంతి నుంచి తేరుకుంటున్న పాఠకుడు నెమ్మదిగా సాగే విషయాన్ని గమనించలేడు.

పోలీసు పాయ నిదానంగా నడుస్తుందనీ, రే కేట్‌ల మధ్య ఆకర్షణ అనవసరమనీ వచ్చిన ఫిర్యాదులు చాలావరకు నిజమే. వాటి మీద ఎక్కువ చెప్పేదేమీ లేదు.

కోలుకోవడం ఎంత త్వరగా

వేల్స్ తీరంలో జెన్నాకు ఒక కుక్కపిల్ల, పశువైద్యుడు పాట్రిక్ స్నేహం దొరుకుతాయి. ఇసుకలో పేర్లు రాసి, వాటిని ఫొటోలు తీసి అమ్మే పని మొదలవుతుంది. ఇవి ఊరటనిచ్చాయన్నవాళ్ళు, దుఃఖాన్ని ప్రేమకథతో తుడిచేశారన్నవాళ్ళు సమానంగా కనిపిస్తారు.

ఈ భేదం వెనక దుఃఖం గురించిన రెండు ఊహలున్నాయి. ఫ్రాయిడ్ 1917లో ప్రచురించిన వ్యాసం నుంచి బలపడిన ఊహ ఒకటి: పోయినవాళ్ళ నుంచి మనసును మెల్లగా విడిపించుకోవడమే శోకం చేసే పని. 1996లో డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ తమ పుస్తకంలో ముందుకు తెచ్చిన ఊహ రెండోది: పోయినవాళ్ళతో బంధం తెగదు, రూపం మార్చుకుని కొనసాగుతుంది. బిడ్డలు పోయిన తల్లిదండ్రులతో క్లాస్ ఏళ్ళ తరబడి పనిచేశారు. మొదటి ఊహతో చదివితే పాట్రిక్ రాక జెన్నా కోలుకున్నదానికి గుర్తు. రెండో ఊహతో చదివితే, ఇసుకలో పేరు రాయడం, అల దాన్ని చెరపడం, మళ్ళీ రాయడమే ఆమె దుఃఖానికి సరైన రూపం, పాట్రిక్ పక్కకు జరిగిపోతాడు. నవల రెండో దారిలో మొదలై మొదటి దారిలో ముగుస్తుంది. అందుకే ముగింపు కొందరికి తీపిగా, కొందరికి తొందరగా అనిపించింది.

2015లో ఎస్.కె. ట్రెమేన్ పేరుతో వచ్చిన ‘ది ఐస్ ట్విన్స్’ ఈ విషయంలో ఇంకా నిర్దాక్షిణ్యంగా ఉంటుంది. కవలల్లో ఒకరు పోయారు. బతికిన పాప తానే పోయిందనుకున్న పిల్లనంటుంది. ఎవరి కోసం ఏడవాలో తల్లికే తెలియని స్థితి అది. కోలుకోవడం అన్న మాటకే అక్కడ చోటు లేదు. ఆ నవలను మధ్యలో ఆపేశామన్న పాఠకుల కారణం చాలాసార్లు అదే.

తేలనివి

దాపరికం గురించిన వాదంలో కొంత స్పష్టత వచ్చిందనవచ్చు. పాత్రకు దాచే కారణం ఉంటే పాఠకుడు క్షమిస్తాడు, రచయితకు మాత్రమే ఉంటే క్షమించడు. జెన్నా ఈ రెంటి మధ్య సరిహద్దులో ఉంది గనకే పాఠకులు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు.

తేలనిది ముందే చెప్పి ఉంచాలా అన్నది. శిశుమరణం, గృహహింస ఉన్నాయని పుస్తకం వెనక అట్ట మీద వేస్తే గాయపడిన పాఠకుడికి మేలు. కానీ ‘ఐ లెట్ యు గో’లో గృహహింస ఉందని చెప్పడమంటే సగం రహస్యం విప్పినట్టే. తెలియక చదివి కుంగిపోయినవాళ్ళ మాటా, తెలిసి చదివి రుచి పోగొట్టుకున్నవాళ్ళ మాటా రెండూ సబబైనవే. నాకు మొదటివాళ్ళ నష్టమే పెద్దదిగా కనిపిస్తుంది.

‘ది పుష్’ చివరి ఫోన్ కాల్ మీద కూడా పాఠకులు ఇంకా రెండు వైపులే. ఫాక్స్ రెండో భార్య జెమ్మా నుంచి వచ్చిన ఆ కబురు, బ్లైత్ ఇన్నాళ్ళూ చెప్పింది నిజమేనని రుజువు చేసిందన్నది ఎక్కువమంది మాట. మనం ఆ కబురు వింటున్నది కూడా బ్లైత్ కథనంలోనే కదా అన్నది తక్కువమంది మాట. రెండోవాళ్ళ తర్కం గట్టిది. మొదటివాళ్ళు కోరుకునేది మాత్రం వేరు. ఇంతకాలం నమ్మని ఒక తల్లిని ఎవరైనా ఒక్కసారి నమ్మాలని వాళ్ళు ఆశిస్తున్నారు.

ఇక మెకిన్టోష్ 2019లో ‘ఆఫ్టర్ ది ఎండ్’ రాశారు. నయం కాని స్థితిలో ఉన్న చిన్న కొడుకు విషయంలో తల్లీ తండ్రీ చెరో నిర్ణయం కోరుకుంటారు. నవల రెండు భవిష్యత్తులుగా చీలి రెంటినీ చూపిస్తుంది. అందులో హంతకుడు లేడు, పాఠకుడిని దారి తప్పించే ఎత్తుగడ లేదు. 2024లో శోకంలో ఉన్నవారికి 18 భరోసాలంటూ నేరుగా తన అనుభవంలోంచే ఓ పుస్తకం రాశారు. పదేళ్ళలో ఒకే రచయిత్రి ఒకే గాయాన్ని మూడు రూపాల్లో రాశారు. మొదటిదాంట్లో మలుపు కింద దాచి, రెండోదాంట్లో బహిరంగంగా, మూడోదాంట్లో కల్పనే లేకుండా. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఉత్కంఠ తీసేశాక దుఃఖం గురించి ఏ పుస్తకం ఎక్కువ చెప్పిందో చూడవలసిన పని ఈ చర్చలో ఇంకా మొదలు కాలేదు.